డ్రయ్యరు తిరగట్లేదు

శ్రావణ మాసం. మూడు రోజులుగా ముసురు పట్టింది. కొల్లిపరలో ఏ ఇంటి ముందు చూసినా తడి బట్టలే. వరండాలో తాళ్లు కట్టారు. మంచాల మీద పరిచారు. అయినా ఆరడం లేదు. ముక్కిన వాసన వేస్తున్నాయి.

ఆ వీధిలో ఒక ఇంట్లో వాషింగ్ మిషను ఉంది. రెండు తొట్ల మిషను. ఒక తొట్టి ఉతుకుతుంది. రెండో తొట్టి పిండుతుంది. పిండే తొట్టిని మనం డ్రయ్యరు అంటాం. ఇంటావిడ పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఆ మిషను కొంది. నెలనెలా వాయిదా కడుతోంది.

ఆ రోజు ఉతికే తొట్టి బాగానే తిరిగింది. బట్టలు తీసి డ్రయ్యర్లో వేసింది. మూత పెట్టింది. టైమరు తిప్పింది. డ్రయ్యరు తిరగలేదు.

తెనాలిలో ఉన్న మెకానిక్కుకి ఫోను చేసింది.

"బాబూ, మా మిషను పాడైంది. ఒకసారి రావాలి."

"ఏమైందమ్మా?"

"తిరగట్లేదు."

"ఏది తిరగట్లేదు? ఉతికేదా, పిండేదా?"

"పిండేది."

"టైమరు తిప్పితే శబ్దం వస్తోందా?"

ఆవిడ గమనించలేదు.

"అడుగున నీళ్లు నిలిచాయా?"

అదీ చూడలేదు.

"సరేలెండమ్మా. సాయంత్రం వస్తా. వచ్చినందుకు మూడొందలు. సామాను ఏదన్నా పోతే అది వేరే."

సాయంత్రం వానలో బండి మీద వచ్చాడు. మిషను వెనక్కి వెళ్లి చూశాడు. నీళ్లు పోయే పైపు గోడ మేకుకు తగిలించి ఉంది. దాన్ని తీసి కింద పెట్టాడు. బుడబుడమంటూ నీళ్లు పోయాయి. డ్రయ్యరు తిరిగింది. రెండు నిమిషాలు పట్టింది.

"పైపు మేకుకి ఎవరు తగిలించారే?" అంది ఇంటావిడ.

"నేనే అత్తయ్యా. వరండా కడుగుతుంటే అడ్డంగా ఉందని పైన పెట్టా" అంది కోడలు.

మూడొందలు ఇచ్చి పంపారు. పసుపు తవ్వడానికి వెళ్తే ఆవిడకు వచ్చే ఒక రోజు కూలి అది. మెకానిక్కుదీ తప్పు లేదు. ఆయన పెట్రోలు పోసుకుని వచ్చాడు. ఒక పూట పని వదులుకున్నాడు. అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఫోనులో ఆయన అడిగిన రెండు ప్రశ్నలకు ఆవిడ దగ్గర జవాబు లేదు. ఉంటే ఆయన రావలసిన పనే లేదు. "పైపు కిందకి దించి చూడండమ్మా" అని ఫోనులోనే చెప్పేవాడు.

డ్రయ్యరు తిరగకపోతే మనం ఏం చూడాలి? ఏది మనం చెయ్యొచ్చు? దేని మీద చెయ్యి వెయ్యకూడదు? ఇవి తెలుసుకుందాం.

అసలు అది ఎలా పిండుతుంది?

చేత్తో పిండేటప్పుడు మనం బట్టను మెలిపెడతాం. దుప్పటి అయితే ఇద్దరం చెరో కొసా పట్టుకుంటాం. డ్రయ్యరు మెలిపెట్టదు. గిరగిరా తిప్పుతుంది. తడిసిన గొడుగును తిప్పి చూడండి. నీటి చుక్కలు చుట్టూ ఎగిరిపడతాయి. డ్రయ్యర్లోనూ అదే జరుగుతుంది. బట్టలు తొట్టి గోడకు అంటుకుంటాయి. గోడకు ఉన్న చిల్లుల్లోంచి నీళ్లు బయటకు పోతాయి.

పాల నుంచి మీగడ తీసే యంత్రం కూడా ఇలాగే పని చేస్తుంది. గిరగిరా తిరిగితే బరువైన పాలు అంచుకు పోతాయి. తేలికైన మీగడ నడుమ మిగులుతుంది. స్వీడన్ దేశంలో గుస్తాఫ్ ద లావల్ అనే ఇంజనీరు 1878లో ఆ యంత్రం తయారు చేశాడు. మన వడ్లమూడిలోని సంగం డెయిరీ లాంటి పాల ఫ్యాక్టరీలకు అలాంటి యంత్రాలే ఆధారం.

డ్రయ్యరు వేగం ఎంతో తెలుసా? చాలా మిషన్లలో నిమిషానికి 1300 చుట్ల దాకా తిరుగుతుంది. అంత వేగంలో కిలో తడిబట్ట తొట్టి గోడను సుమారు 200 కిలోల బరువుతో నొక్కుతుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు రెండున్నరకు పైనే అన్నమాట. ఈ లెక్క గుర్తుంచుకోండి. బట్టలు ఒక పక్కకు పడితే మిషను ఎందుకు ఎగిరిపడుతుందో దీనితోనే తెలుస్తుంది. తిరిగే తొట్టిలో చెయ్యి పెడితే ఏమవుతుందో కూడా తెలుస్తుంది.

ముందు ప్లగ్గు తియ్యండి

ఏది చూడాలన్నా ముందు స్విచ్చి ఆపండి. తర్వాత ప్లగ్గు ఊడదీయండి. ఒక్క స్విచ్చి ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో వైరింగు తారుమారుగా ఉంటుంది. స్విచ్చి ఆపినా మిషన్లోకి కరెంటు వస్తూనే ఉంటుంది. ప్లగ్గు తీస్తేనే భయం ఉండదు.

ప్లగ్గు తీసేటప్పుడు చేతులు తుడుచుకోండి. కాళ్లకు పొడి చెప్పులు ఉండాలి. మిషను చుట్టూ నీళ్లు నిలిచి ఉంటే ముందు గోడ మీది మెయిన్ ఆపించండి.

చీర కొంగు నడుముకు దోపుకోండి. జడ ముడి వేసుకోండి. తొట్టి పూర్తిగా ఆగిందాకా చెయ్యి పెట్టొద్దు. మూత తీయగానే బ్రేకు పడి కాసేపట్లో తొట్టి ఆగాలి. ఎంతసేపటికీ ఆగకుండా తిరుగుతూనే ఉంటే బ్రేకు పాడైనట్టే. అది బాగయ్యేదాకా డ్రయ్యరు వాడొద్దు. పిల్లలున్న ఇల్లయితే మరీ జాగ్రత్త.

చెవి పెట్టి వినండి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. టైమరు తిప్పగానే మిషను దగ్గర నిలబడి వినండి. ఏ శబ్దమూ లేదా? గుర్రుమంటోందా? దబదబా కొట్టుకుంటోందా? తిరుగుతోంది గాని నెమ్మదిగానా? నాలుగింటికీ కారణాలు వేరు.

ఏ శబ్దమూ లేదనుకోండి. ముందు ఉతికే తొట్టి తిప్పి చూడండి. అదీ తిరగకపోతే కరెంటు రావట్లేదు. ప్లగ్గు వదులుగా ఉందేమో, ఫ్యూజు పోయిందేమో చూడాలి. ఎలకలు వైరు కొరికాయేమో కూడా చూడాలి. పొలాల పక్క ఇళ్లలో ఇది మామూలే. ఎలకలు మిషను అడుగు నుంచి దూరతాయి. కొరికిన వైరు కనిపిస్తే ముట్టుకోవద్దు. ప్లాస్టరు చుట్టి మళ్లీ వాడొద్దు. కొత్త వైరు వేయించండి.

ఉతికే తొట్టి తిరుగుతోంది, డ్రయ్యరు మాత్రం కిక్కురుమనట్లేదు. అయితే మూత చూడండి. డ్రయ్యరు మూత కింద ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. మూత పూర్తిగా పడితేనే అది నొక్కుకుంటుంది. అప్పుడే మోటారుకు కరెంటు పోతుంది. మూత అంచున జాకెట్టు చెయ్యో, లుంగీ కొసో ఇరుక్కుంటే స్విచ్చి నొక్కుకోదు. బట్ట లోపలికి నెట్టి మూత గట్టిగా వెయ్యండి. మూత బందు విరిగి ఉన్నా ఇదే తంతు.

కొందరు ఆ స్విచ్చిని తీసేయించి నేరుగా వైరు కలిపిస్తారు. "మూత తీసినా తిరుగుతుంది, ఇబ్బంది లేదు" అంటారు. అలా చెయ్యొద్దు. మన వేళ్లు కాపాడటానికే ఆ స్విచ్చి పెట్టారు.

టైమరు కూడా చూడండి. తిప్పితే టిక్ టిక్ మని శబ్దం రావాలి. పట్టుకునే మీట ప్లాస్టిక్కుది. అది లోపల చీలితే ఊరికే గుండ్రంగా తిరుగుతుంది. దాని కిందున్న పుల్ల మాత్రం కదలదు. మీట ఒక్కటే మారిస్తే సరిపోతుంది. టైమరు మొత్తం మార్చాలని ఎవరైనా అంటే, ముందు మీట తీసి చూపించమనండి.

గుర్రుమంటే?

ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. మోటారు గుర్రుమంటుంది, తొట్టి తిరగదు. అంటే మోటారు తిరగాలని చూస్తోంది. ఏదో పట్టేసింది, లేదా దానికి బలం చాలట్లేదు. వెంటనే ఆపేయండి. "కాసేపు చూద్దాం, అదే తిరుగుతుంది" అని వదిలేస్తే మోటారు వేడెక్కుతుంది. లోపలి తీగ చుట్లు కాలిపోతాయి. కాలిన వాసన వస్తుంది. అప్పుడు ఖర్చు వందల్లో పోదు, వేలల్లోకి వెళ్తుంది.

ఆపి, ప్లగ్గు తీసి, బట్టలన్నీ బయటకు తియ్యండి. టార్చిలైటు వేసి తొట్టికీ, బయటి గోడకీ మధ్య ఉన్న సందులోకి చూడండి. పిల్లల మేజోడు, చేతిరుమాలు, తలపాగా గుడ్డ, జాకెట్టు నాడా లాంటివి అక్కడ జారిపడతాయి. తొట్టి తిరిగేటప్పుడు చిన్న బట్టలు పైకి లేచి అంచు దాటి సందులో పడతాయి. తొట్టి అడుగున చుట్టుకుంటాయి. బట్టల మీద పెట్టడానికి మిషనుతో పాటు ఒక ప్లాస్టిక్కు బిళ్ల ఇస్తారు. అది అందుకే. చాలా ఇళ్లలో ఆ బిళ్ల సామాన్ల గూట్లో ఉంటుంది. దాన్ని తీసి వాడండి.

ఇరుక్కున్న బట్టను నున్నటి కర్రపుల్లతో మెల్లగా పైకి లాగండి. కత్తి, కత్తిపీట, ఇనుప ఊచ పెట్టొద్దు. తొట్టి అడుగున మెత్తటి రబ్బరు తొడుగు ఉంటుంది. దానికి చిల్లి పడితే నీళ్లు మోటారు మీద కారతాయి. మేజోడు కోసం మోటారు పోగొట్టుకున్నట్టవుతుంది.

ఒక మాట. మూత తెరిచి ఉన్నప్పుడు తొట్టిని చేత్తో తిప్పితే బిగువుగా ఉంటుంది. భయపడొద్దు. మూత తీయగానే బ్రేకు పట్టుకుంటుంది కదా. బిగువుగానైనా కదిలితే మామూలే. రాయిలా అసలు కదలకపోతేనే ఏదో ఇరుక్కున్నట్టు, లేదా తుప్పు పట్టినట్టు.

సందులో ఏమీ లేదనుకోండి. అప్పుడు రెండు అనుమానాలు మిగులుతాయి. ఒకటి బ్రేకు వైరు. మూతకూ బ్రేకుకూ మధ్య ఒక సన్నటి తీగ ఉంటుంది. అది సాగినా, తెగినా, మూత వేసిన తర్వాత కూడా బ్రేకు వదలదు. రెండోది కండెన్సరు. ఫ్యానుకు ఉంటుందే, అలాంటిదే. మోటారు మొదటి తిరుగుడుకు అది ఊతం ఇస్తుంది. అది బలహీనపడితే మోటారు గుర్రుమంటూ నిలబడిపోతుంది.

కండెన్సరు చవకే. కానీ మనం ముట్టుకోకూడదు. ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలవ ఉంటుంది. ముట్టుకుంటే లాగి కొడుతుంది. "మా ఆయన ఫ్యానుకు వేశాడు, దీనికీ వేస్తాడు" అనొద్దు. తెలిసిన మెకానిక్కు ముందు దానిలోని కరెంటు పోగొట్టి అప్పుడు విప్పుతాడు.

ఇంకో అలవాటు ఉంది. గుర్రుమంటున్న తొట్టిని కర్రతో నెట్టి తిప్పడం. ఒక్కోసారి అందుకుంటుంది కూడా. కర్ర ఇరుక్కుంటే మాత్రం ముఖం మీదికి ఎగురుతుంది. అలా చెయ్యొద్దు.

దబదబా కొట్టుకుంటే?

ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి. ఒక పక్క పావుకిలో తడి బరువు ఎక్కువైందనుకుందాం. ఆ వేగంలో 50 కిలోల మనిషి తొట్టిని ఒకే పక్కకు లాగినట్టు ఉంటుంది. మిషను ఎగిరిపడదా మరి? మోటారు దాన్ని లాగలేక ఆగిపోతుంది.

చీరను ఉండగా పడెయ్యకుండా తొట్టి గోడ చుట్టూ పరిచినట్టు వెయ్యండి. బరువైనవి అడుగున, తేలికవి పైన. చేత్తో అదిమి, బిళ్ల పెట్టి, మూత వెయ్యండి. బొంత, రగ్గు డ్రయ్యర్లో వెయ్యొద్దు. అవి ఎండకే ఆరాలి.

నాలుగు కాళ్లూ నేలకు ఆనాయో లేదో చూడండి. మన వాకిళ్లు నీళ్లు పోవడానికి వాలుగా ఉంటాయి. ఎత్తు తక్కువైన కాలి కింద పలుచటి బండ ముక్క పెట్టండి. మిషను ఒక మూల నొక్కితే ఊగకూడదు.

నెమ్మదిగా తిరిగితే?

మొదట చెప్పిన ఇంట్లో జరిగింది ఇదే. తొట్టి అడుగున నీళ్లు నిలిస్తే డ్రయ్యరు నీళ్లలో ఈదినట్టు తిరుగుతుంది. ఒక్కోసారి అసలు కదలదు. నీళ్లు పల్లానికే పోతాయి. పైపు కొస మిషను అడుగు కంటే ఎత్తులో ఉండకూడదు.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. మిషను నీళ్లు వృథా పోకూడదని కొబ్బరి చెట్టు పాదులోకో, అరటి పాదులోకో పైపు పెడతాం. మంచిదే. కానీ పాదు గట్టు ఎక్కించి పైపు పెడితే నీళ్లు వెనక్కి నిలుస్తాయి. గట్టుకు కాస్త గండి కొట్టి పైపు కిందుగా పెట్టండి. పైపు కొస నిండా నీళ్లున్న బకెట్టులో మునిగినా ఇంతే. పైపు మెలిపడినా, నూలు పీచు, వెంట్రుకలు, గుండీలు అడ్డం పడినా ఇంతే. నెలకోసారి పైపు ఊడదీసి, దులిపి, నీళ్లు పోసి కడగండి. జేబులు చూసి ఉతకండి. తెలియక ఉతికిన చిల్లర డబ్బులు ఎన్ని పైపుల్లో ఉన్నాయో!

సబ్బుపొడి ఎక్కువ వేసినా నెమ్మదిస్తుంది. తొట్టి అడుగున నురగ పేరుకుంటుంది. మోటారు దాన్ని చీల్చుకుని తిరగాలి. బట్టలు ఒకటికి రెండుసార్లు జాడించి అప్పుడు డ్రయ్యర్లో వెయ్యండి.

ఓల్టేజి తక్కువైనా అంతే. బల్బు మసకగా ఉందా, ఫ్యాను నీరసంగా తిరుగుతోందా చూడండి. అలా ఉంటే ఆగండి. పొద్దుటి పూట వేసుకోండి. వీధి మొత్తం రోజూ అలాగే ఉంటే 1912కు ఫోను చేసి చెప్పండి. కరెంటు ఫిర్యాదుల నంబరు అది. వాళ్లు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది రెండు తొట్ల మిషను సంగతి. ఒకే తొట్టిలో ఉతికి పిండే మిషను అయితే నీళ్లు పోకపోయినా, మూత పడకపోయినా, బట్టలు ఒక పక్కకు పడినా తనే ఆగిపోతుంది. అద్దం మీద ఏవో అక్షరాలు, అంకెలు వెలుగుతాయి. అవి ఇంగ్లీషులో ఉంటాయి. చదవలేకపోయినా ఫర్వాలేదు. ముగ్గు వేసినట్టు అలాగే కాగితం మీద దించుకోండి. మెకానిక్కుకు ఆ కాగితం చాలు.

వరదలో మునిగిన మిషను

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పెద్ద వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా నీరు కిందకు వచ్చింది. 2009 అక్టోబరు వరద కంటే కూడా ఎక్కువ. నది పక్కన ఉన్న లంక ఊళ్లను నీళ్లు చుట్టుముట్టాయి. అదే సమయంలో విజయవాడ సింగ్‌నగర్ వైపు బుడమేరు పొంగింది. అక్కడ ఎన్నో ఇళ్లలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు నీట మునిగాయి.

మన కొల్లిపరా కృష్ణ పక్కనే ఉంది. కాబట్టి ఇది మనకు తెలియాలి. మిషను మోటారు అడుగున ఉంటుంది. మోకాలి లోతు నీళ్లు చాలు, అది మునగడానికి. నీళ్లు తీశాక పైకి పొడిగా కనిపిస్తుంది. లోపల ఒండ్రు, తడి ఉంటాయి. "పని చేస్తుందో లేదో" అని ప్లగ్గు పెట్టి చూడకండి. మోటారు కాలొచ్చు. మిషను రేకు మీదికి కరెంటు రావొచ్చు. మెకానిక్కు విప్పి, కడిగి, ఆరబెట్టి చూసిందాకా ప్లగ్గు దాని దగ్గరకే పోకూడదు. వరద వస్తుందని ముందే తెలిస్తే ప్లగ్గు తీసి, ఇద్దరు పట్టి మిషనును అరుగు మీదికో, బల్లల మీదికో ఎక్కించండి.

జిల్లుమంటే

మిషను రేకు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందా? చాలామంది "కొంచెమేలే" అని వాడేస్తుంటారు. అది కొంచెం కాదు. తడి నేల మీద, తడి చేతులతో అదే ప్రాణం తీస్తుంది. ఆ రోజు నుంచే మిషను ఆపాలి.

మిషను ప్లగ్గుకు మూడు పుల్లలు ఉంటాయి. లావుగా, పొడుగ్గా ఉన్నది ఎర్తు పుల్ల. దారి తప్పిన కరెంటును అది భూమిలోకి పంపుతుంది. రెండు పుల్లల ప్లగ్గు తగిలించి వాడితే ఆ కరెంటు మన ఒంట్లోంచి భూమికి పోతుంది. ఇంట్లో ఎర్తు గుంట ఉందా అని అడగండి. ఉప్పు, బొగ్గు వేసి దాన్ని కడతారు. ఎండాకాలంలో దానిలో నీళ్లు పొయ్యాలి. ఎండిపోతే పని చెయ్యదు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఇంకా మంచిది. షాకు తగిలిన క్షణంలో అది కరెంటు ఆపేస్తుంది. షాపులో ఆ పేరే చెప్పి అడగండి.

ఎవరికైనా షాకు తగిలితే వాళ్లను ముట్టుకోకండి. మెయిన్ ఆపండి. ఆపే వీలు లేకపోతే పొడి కర్రతో విడిపించండి. 108కి ఫోను చెయ్యండి.

మన అక్షరాలు మిషను మీద

మిషను మీద రాసినవన్నీ ఇంగ్లీషులోనే. వాష్ అంటే ఉతకడం. స్పిన్ అంటే తిప్పి పిండటం. డ్రెయిన్ అంటే నీళ్లు వదలడం. ఇవి ఎవరినైనా ఒకసారి అడగండి. తెల్ల కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి మీటల పక్కన అంటించండి. తడవకుండా పైన టేపు వెయ్యండి. ఉతుకు. పిండు. నీళ్లు వదులు. మీ చేత్తోనే రాయండి. ఇంట్లో అందరూ చదివి వాడతారు.

ఇక బిల్లు. మొదట చెప్పిన ఇంట్లో బిల్లు ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. మెకానిక్కు వెళ్లిన రాత్రి ఇంటావిడ దాన్ని తీసింది. అక్షరాలు ఇంగ్లీషువి. అంకెలు మాత్రం తెలిసినవే. తేదీ, నెల, సంవత్సరం చదివింది. వేళ్ల మీద లెక్క పెట్టింది. కొని పదకొండు నెలలే అయింది. కార్డు మీద 2 సంవత్సరాలు అని ఉంది. అంటే వారంటీ ఇంకా ఉంది. ఆ గడువు లోపల మిషను పాడైతే కంపెనీ మనిషి వచ్చి చూస్తాడు. కార్డులో రాసిన భాగాలు పోతే ఊరికే మారుస్తాడు. గడువు ఉండగా బయటి మెకానిక్కు చేత విప్పిస్తే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి ముందు బిల్లు చూసి, తర్వాత ఫోను చెయ్యాలి.

గడువు ఉన్నా కంపెనీ రాకపోతే, డబ్బులు అడిగితే 1915కు ఫోను చెయ్యండి. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. అప్పటికీ కుదరకపోతే గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు ఫీజు లేదు. వీటన్నిటికీ బిల్లు కావాలి. బిల్లు మీద సిరా కొన్నాళ్లకు వెలిసిపోతుంది. ఒక జిరాక్సు తీయించి పెట్టుకోండి.

సంక్రాంతి ముందు ఆ ఇంట్లో డ్రయ్యరు మళ్లీ ఆగింది. ఈసారి ఆవిడ విన్నది, చూసింది. పలక మీద రాసుకుంది. కార్డు మీది నంబరుకు ఫోను చేసింది. అవతల ఒక అమ్మాయి మాట్లాడింది.

"చెప్పండి అమ్మా."

"అమ్మాయ్, డ్రయ్యరు తిరగట్లేదు. గుర్రుమంటోంది. వెంటనే ఆపాను. నీళ్లు నిలవలేదు. సందులో బట్ట లేదు. మూత సరిగ్గానే పడింది. ఓల్టేజి బాగుంది. కొని పదహారు నెలలు."

"మిషను వెనక నంబరు ఉంటుంది, చదవగలరా అమ్మా?"

మొదటి రెండూ ఇంగ్లీషు అక్షరాలు. అవి మనవరాలు చెప్పింది. మిగతా అంకెలన్నీ నాన్నమ్మే చదివింది, ఒక్కొక్కటీ ఆగి ఆగి. ఎల్లుండికి మెకానిక్కు వచ్చాడు. కండెన్సరు సంచిలో పెట్టుకునే వచ్చాడు. మార్చి వెళ్లాడు. డబ్బులు తీసుకోలేదు.

మీ ఇంటి మిషను గురించి ఇక్కడ రాయండి. మిషను లేకపోతే మీ ఫ్యాను గురించో, మిక్సీ గురించో రాయండి.

కొన్న తేదీ: ....................

కొన్న షాపు: ....................

వారంటీ ఎప్పటిదాకా: ....................

వెనక ఉన్న నంబరు: ....................

కంపెనీ ఫోను నంబరు: ....................

బిల్లు ఎక్కడ పెట్టాను: ....................